అడ్మిషన్ సరే, గది ఏదీ?

బరంపురం నుంచి వి.వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చారు. 1916 తిరుగుబాటు తర్వాత ఆయన్ని వెళ్ళిపొమ్మన్నారు. ఆనాడు ఐర్లండు రమ్మని మన ఊళ్ళలో దండోరా వేసేవాడు లేడు.

ఇప్పుడు పిలుపులకి కొదవ లేదు. ఇక్కడి విశ్వవిద్యాలయాల వారు హైదరాబాదు హోటళ్ళలో మేళాలు పెడతారు. ఏజెంటు మన పిల్లల దగ్గర పైసా పుచ్చుకోనంటాడు. నిజమే కావచ్చు, అతని కమీషను కాలేజీ ఇస్తుంది. సర్కారు గ్రాంటు చాలని కాలేజీలకి యూరపు బయటివారి ఫీజే ఆసరా. పెళ్ళిళ్ళ పేరయ్య ఎవరి సొమ్ము తింటే వారి మాటే కదా చెబుతాడు!

వచ్చాక ఆదుకోరని అనను. ఇంటర్నేషనల్ ఆఫీసు ఉంది, కౌన్సెలర్లున్నారు. చదువుతూ వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. ఎం.ఎస్. అయ్యాక రెండేళ్ళ దాకా ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. గది మాత్రం ఎవరి పూచీ కాదు. కాలేజీ హాస్టళ్ళలో గదులు తక్కువ, బయటి అద్దెలు వింటే నాడి తప్పుతుంది.

కిందటి సెప్టెంబరులో గుంటూరు వైపు కుర్రవాడొకడు మా ఇంటికి భోజనానికి వచ్చి, "నిద్ర పట్టడం లేదు డాక్టరుగారూ, మాత్రేదైనా రాస్తారా?" అన్నాడు. కూర్చోబెట్టి అడిగితే సంగతి బయటపడింది. ఫోటోలో చూసిన గదికి అడ్వాన్సు పంపాడు, వచ్చి చూస్తే ఆ చిరునామాలో గదే లేదు. ఐదుగురున్న గదిలో నేలమీద, అదీ వంతులవారీగా పడుకుంటున్నాడు. ఇంట్లో చెప్పలేదు. పొలం తాకట్టుపెట్టి పంపారట. మాత్ర రాయలేదు. మూడు వారాలు మా ముందుగదిలో ఉన్నాడు, నిద్ర దానంతటదే పట్టింది.

సొంత ఇంట్లో గది అద్దెకిస్తే ఏడాదికి 14,000 యూరోల దాకా ఆదాయప్పన్ను లేదు. సభ్యుల్లో గది ఖాళీగా ఉన్నవారు ఆగస్టు లోపల కార్యదర్శిగారికి ఒక కార్డు ముక్క రాయండి.