పాత కారు పునరుద్ధరణము

పాత మోటారు కారును ఇంటివద్దనే బాగుచేసికొనుట వినోదముతో కూడిన విద్య. ఈ విద్యలో కంటికింపైన రంగుకన్న, కంటికి కానరాని భాగముల రక్షణయే ముఖ్యము.

అంబాసిడర్ కారునే ఉదాహరణముగా గ్రహింతము. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాను అనుసరించి హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో దీని తయారీని ఆరంభించి, 2014లో నిలిపివేసిరి. దీని దేహము ఉక్కు రేకు. తేమయు, ప్రాణవాయువును సోకిన ఇనుము తుప్పుగా మారును. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమించును గనుక, దానిపై వేసిన రంగు అనతికాలములోనే పొంగి ఊడిపోవును. కావున మెరయు లోహము బయటపడువరకు గీకి, వెంటనే ప్రైమర్ పూసి, పిదప రంగు వేయవలెను.

బ్రేకుల సంగతి ఇంతకన్న గంభీరమైనది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనును. మాటిమాటికి బ్రేకు వేయగా పుట్టు వేడికి, తేమ చేరిన ఆయిల్ త్వరగా మరుగును. అందు ఆవిరి బుడగలు ఏర్పడినచో పెడలు నొక్కినను బండి ఆగకపోవచ్చును. ఏండ్ల తరబడి కదలని కారును, ఆయిల్‌ను, గట్టిపడిన రబ్బరు భాగములను మార్చకుండ రోడ్డెక్కించుట ప్రాణాపాయము. అట్లే కేవలము జాకీపై నిలిపిన కారు క్రిందికి దూరరాదు. దృఢమైన స్టాండ్లు అమర్చవలెను.

2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నిబంధనలు, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటియు మూలరూపము చెడని సొంత వాహనములను వింటేజి వాహనములుగా గుర్తించినవి. కనుక విప్పిన ప్రతి భాగమునకు చీటి కట్టి, వీలైనంతవరకు అసలు భాగమునే తిరిగి బిగించుట మేలు.

ఈ పనికి పూనుకొను విద్యార్థులు క్రమము తప్పరాదు. రంగు చూచువారిని మెప్పించును. బ్రేకు ఎక్కినవారిని ఇల్లు చేర్చును.