ఎక్సెల్ నుంచి యాక్సెస్‌లోకి: ఎందుకు? ఎలా?

ఎందుకు?
2022 ఏప్రిల్ 4న నర్సీపట్నం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అక్కడి బడి పిల్లల వివరాలన్నీ ఎక్సెల్‌లో ఉన్నాయనుకోండి. ప్రతి వరుసలోనూ జిల్లా పేరు మార్చాలి. ఒక్కటి వదిలేసినా లెక్క తప్పుతుంది. యాక్సెస్ లాంటి డేటాబేస్‌లోనైతే ఊళ్లకు విడిగా ఒక పట్టిక పెట్టుకోవచ్చు. అందులో ఒక్కచోట మారిస్తే చాలు, అందరికీ మారినట్టే!

ఎలా?
ముందు ఎక్సెల్‌ను సరిచేయండి. మొదటి వరుసలో శీర్షికలే ఉండాలి. ‘నర్సీపట్నం’, ‘నర్శీపట్నం’ అని రాస్తే కంప్యూటర్‌కు అవి రెండు ఊళ్లు, ఒకేలా రాయండి. అడ్మిషన్ నంబరు 0047లో సున్నాలు పోకుండా టెక్స్ట్‌గా ఉంచండి. తర్వాత యాక్సెస్‌లో ‘ఎక్స్‌టర్నల్ డేటా’ నొక్కి ఫైలు ఎంచుకోండి. ప్రతి వరుసనూ గుర్తుపట్టేలా ప్రైమరీ కీ ఇవ్వండి. చివరగా రెండుచోట్లా వరుసల సంఖ్య సరిపోయిందో లేదో తప్పక చూసుకోండి.