మూలుగుచు తిరుగని పంపు

పైరునకు నీరు పెట్టవలసిన వేళ మీట వేయగా మోటారు మూలుగును గాని తిరుగదు. అప్పుడు కొందరు రైతులు ఆతురపడి మీటను మరల మరల వేయుచుందురు. మోటారులు కాలిపోవుట తరచుగా ఇట్లే జరుగుచున్నది. నిలిచియున్న మోటారు, నిండు పనిలో తిరుగునపుడు పట్టు కరెంటునకు ఇంచుమించు అయిదారు రెట్లు పట్టును. ఆ వేడికి వైండింగు తీగపై పూత మాడిపోవును. కావున మూలుగు వినబడిన తక్షణమే మీట తీసివేయవలెను. పిదప కారణమును ఈ క్రమమున వెదకుట మేలని మా సలహా.

మొదటిది కరెంటు. మూడు ఫేజుల మోటారునకు ఒక ఫేజు రాకున్నను అది మూలుగును గాని తిరుగదు. మెయిను స్విచ్చి తీసి, షెడ్డులోని మూడు ఫ్యూజులను చూడవలెను. పోయిన ఫ్యూజునకు మారుగా లావు తీగ కట్టరాదు. ట్రాన్స్‌ఫార్మరుకడనున్న ఫ్యూజుల జోలికి ఎన్నడును పోరాదు. అది లైనుమాను పని. పంట పోయినను మరుసటి కారు కలదు, ప్రాణము పోయిన రాదు.

వోల్టేజి తగ్గుటయు ఒక కారణమే. 415 వోల్టులు ఉండవలసిన చోట 332 మాత్రమే ఉన్నచో, మోటారు బయలుదేరు బలము నూటికి 64 వంతులకు పడిపోవును. కరెంటు రాగానే ఆటో స్టార్టరులతో పొరుగు మోటారులన్నియు ఒక్కసారి బయలుదేరునపుడు ఇట్లగుట కద్దు. కొంత తడవు ఆగి వేయవలెను.

రెండవది ఇరుసు. మెయిను తీసియుంచియే దానిని చేతితో త్రిప్పి చూడవలెను. నెలల తరబడి పనిలేక యున్న పంపులో త్రుప్పు పట్టియో, ఇసుక చేరియో ఇంపెల్లరు బిగిసికొనును. గ్లాండును అతిగా బిగించినను ఇంతే. గ్లాండునుండి నీరు చుక్కలుగా రాలుచుండుట దోషము కాదు.

మూడవది కెపాసిటరు. ఒకే ఫేజుపై నడచు చిన్న మోటారునకు ఇరుసు తేలికగా తిరిగి, 230 వోల్టులును సరిగా వచ్చుచున్నచో దీనినే అనుమానింపవలెను. అది ఉబ్బినను, నూనె కార్చినను మార్పింపవలెను. క్రొత్తది పాతదాని మైక్రోఫారడ్ లెక్కకు సరిపోవలెను. మీట తీసిన పిదపను అందు కరెంటు నిలిచియుండును. కావున దాని కొనలను ముట్టరాదు.

ఈ మూడును సరిగా ఉన్నచో దోషము బేరింగులలోనో వైండింగులోనో ఉండును. అప్పుడు మెకానిక్కును పిలువవలెను. కెపాసిటరు వెల స్వల్పము. వైండింగు మరల చుట్టించుట అధిక వ్యయము. అది చుట్టించు దినములలో ఎండిన పైరు నష్టము అంతకంటెను అధికము.