పడుచుపుంజును కొట్టవచ్చునా? - అమెరికా టర్కీకోడి వేటను గూర్చి



ఈ పూట నేను మీతో ముచ్చటింపబోవు విషయము మన దేశమునకు చెందినది కాదు. ఉత్తర అమెరికా అడవులలో టర్కీకోడి యను పెద్దపక్షి కలదు. వసంతకాలమున దానిని వేటాడువారిలో చిరకాలముగా ఒక తగవు నడచుచున్నది. ఏడాది ప్రాయపు పుంజు తుపాకి యెదుటికి వచ్చినపుడు దానిని కొట్టవచ్చునా, లేక అది ఈడు వచ్చువరకు విడిచిపెట్టవలెనా? ఇదియే ఆ తగవు. దూరదేశపు కోడి తగవు మనకేల యని మీరనవచ్చును. కాని ఉమ్మడి సొత్తును ఎంత తీయవలెను, ఎప్పుడు తీయవలెను, దేనిని ముట్టరాదు అను ప్రశ్న ప్రతి గ్రామమున పెద్దల యెదుటికి వచ్చునదే. అందుచేత ఈ తగవులోని మంచిచెడ్డలను మీవంటి వారు వినదగునని నేను తలచితిని.

ముందుగా పక్షిని గూర్చి రెండు మాటలు చెప్పెదను. ఇది పేరునకు టర్కీకోడియే గాని, టర్కీ దేశమున పుట్టినది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతపు ప్రజలు దీనిని మచ్చిక చేసి పెంచిరి. 16వ శతాబ్దమున స్పెయిన్ వారు దీనిని ఐరోపాకు కొనిపోయిరి. తురుష్క దేశపు వర్తకుల సరకని తలచి ఆంగ్లేయులు దానికి ఆ దేశము పేరు పెట్టిరి. ఫ్రెంచివారు ఇండియాకోడి యనిరి. తురుష్కులు మాత్రము నేటికిని దానిని ‘హిందీ’ యని పిలుతురు! ఇట్లు ఎవరికివారు దీనిని పొరుగుదేశమునకు అంటగట్టిరి. 1612లో ముకర్రబ్ ఖాన్ అను ఉద్యోగి గోవా రేవునుండి ఒక టర్కీకోడిని తెచ్చి జహంగీరు పాదుషాకు సమర్పించెను. పాదుషా దాని చోద్యమును తన దినచర్యలో వ్రాసికొని, చిత్రకారుడైన మన్సూరుచే బొమ్మ వ్రాయించెను. మన యూళ్లలో నేడు కొందరు పెంచుచున్నది ఈ మచ్చిక జాతియే. నేను చెప్పబోవునది అడవిజాతిని గూర్చి.

ఈ అడవిజాతి ఒకప్పుడు అమెరికాలో విస్తారముగా నుండెడిది. అడవులు నరికిరి, అంగళ్ల కొరకు ఏడాది పొడవునను కొట్టిరి. 1920 నాటికి, అది పూర్వముండిన 39 రాష్ట్రములలో 18 రాష్ట్రములనుండి పూర్తిగా అదృశ్యమయ్యెను. పిమ్మట ప్రభుత్వములు మేలుకొని వేటకు కట్టుబాట్లు పెట్టెను. తుపాకులపైనను మందుగుండు పైనను వచ్చు పన్నును అడవిజంతువుల పోషణకే వెచ్చింపవలెనని 1937లో చట్టము చేసిరి. దొడ్లలో పెంచిన కోళ్లను అడవిలో వదలి చూచిరి గాని అవి బ్రదుకలేదు. తల్లి వెంట తిరిగి నేర్వవలసిన జాగరూకత వానికి అబ్బలేదు. 1951లో దక్షిణ కరొలైనా అడవులలో, మందు ప్రేల్చి పక్షులపై వలను విసరు సాధనముతో అడవికోళ్లనే పట్టసాగిరి. వానిని తీసికొనిపోయి ఖాళీ యైన అడవులలో విడిచిరి. ఆ పద్ధతి ఫలించెను. నేడు అలాస్కా తప్ప తక్కిన 49 రాష్ట్రములలోను ఈ పక్షి కలదు. మొత్తము సుమారు 60 లక్షల వరకు ఉండునని అంచనా. అయితే ఈ శతాబ్దమున దక్షిణపు రాష్ట్రములు కొన్నింటిలో మరల తగ్గుదల కానవచ్చినది. తగవునకు పదును వచ్చినది అందువలననే.

ఇక దీని సంసారమెట్టిదో చూతము. వసంతమున పుంజు తోకను విసనకఱ్ఱవలె విప్పి, రెక్కలను నేలకు ఈడ్చుచు, గొంతెత్తి కూయును. ఆ కూత విని పెట్టలు వచ్చును. పెట్ట నేలమీదనే ఆకుల నడుమ గూడు చేసి, పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి, 28 దినములు పొదుగును. ఒకసారి పుంజుతో కలసిన పెట్ట ఆ బీజమును కొన్ని వారముల వరకు తన శరీరమున నిలుపుకొనగలదు. అందుచే ప్రతి గ్రుడ్డునకును పుంజు అక్కరలేదు. గూళ్లలో సగమునకు పైగా పాములు, నక్కలు, రకూన్ అను జంతువులు పాడుచేయును. పొదిగిన పిల్లలలోను ఎక్కువ భాగము మొదటి కొన్ని వారములలోనే చచ్చును. రెండు వారములకు పిల్ల చెట్టుకొమ్మకు ఎగురగలుగును. అప్పటినుండి దానికి కొంత ధైర్యము. ఇన్ని గండములు గడచి మరుసటి వసంతమునకు మిగిలిన మగపిల్లయే మన పడుచుపుంజు. ఆ దేశపు వేటగాండ్రు దానిని ‘జేక్’ అందురు.

పడుచుపుంజును పోల్చుకొనుట కష్టము కాదు. తోక విప్పినపుడు నడిమి యీకలు ప్రక్కయీకల కంటె పొడవుగా నుండును. ముదురు పుంజు తోక అంచు ఎగుడుదిగుడు లేక సమముగా నుండును. రొమ్ముమీద వ్రేలాడు కుచ్చును వారు గడ్డమందురు. అది పడుచుపుంజునకు రెండు మొదలు అయిదు అంగుళముల వరకు ఉండును. ముదిరినదానికి ఎనిమిది పది అంగుళములుండుట వాడుక. కాలి వెనుకనుండు ముల్లు పడుచుదానికి మొటిక వలె నుండును. మూడేండ్లు దాటినదానికి అంగుళమో, అంతకు మించియో యుండి కొన తిరిగియుండును. పడుచుపుంజు కూత కూడ విరిగి విరిగి వచ్చును. ఈ పడుచులు జట్లుకట్టి తిరుగును. వేటగాడు చెక్కపెట్టెతోనో నోటితోనో పెట్ట పలుకును పలికినచో, ముందు వెనుక చూడక పరుగున వచ్చును. ముదురుపుంజు అట్లు కాదు. దూరముననే నిలిచి గంటసేపు చూచి, అనుమానము తగిలినచో వచ్చిన త్రోవనే పోవును.

కొట్టవచ్చు ననువారి వాదము ఇది. పెట్టలతో కలసి సంతానము కలిగించునవి ముదురుపుంజులే. బలమున తక్కువ యగుటచే పడుచుపుంజునకు ఆ యవకాశము అరుదు. అట్టి పక్షిని తీసినందువలన ఈ యేటి గ్రుడ్లకు లోటు రాదు. పైగా దాని మాంసము మెత్తన. తండ్రి వెంట తొలిసారి అడవికి వచ్చిన పిల్లవానికి ఆ దినము ఒక పక్షి దొరకినచో అడవిమీద ప్రీతి కలుగును. ఆ ప్రీతి కలవాడే రేపు అడవిని కాపాడును. ఈ మాటలు త్రోసివేయదగినవి కావు.

ఆగవలెననువారు చెప్పునదియు వినుడు. పడుచుపుంజు ఈ యేడు పనికి రాకున్నను మరుసటి యేటికి రెండేండ్ల పుంజగును. అడవి మారుమ్రోగునట్లు కూయునది ఆ యీడు పుంజే. లెక్క కొరకు ఒక ఊహ చేయుదము. ఒక అడవిలో పది పడుచుపుంజులున్నవి. ఆరింటిని కొట్టితిమి. మిగిలిన నాలుగింటిలో ఒకటి సహజముగా చచ్చినచో, వచ్చు వసంతమునకు మూడే కూయును. ఒక్కటియు కొట్టకున్నచో, మూడు చచ్చినను ఏడు మిగులును. ఒక్క యేడు ఓర్చుకొన్నవానికి ఆ తరువాత ప్రతి యేడును మంచి వేట దొరకును. పైగా తోకయు గడ్డమును నిదానించి చూచి గాని కొట్టరాదను నియమము కలవాడు, పొదలో కదలిన ప్రతిదానిమీదికి తుపాకి పేల్చడు. పెట్ట కూత నటించుచు కూర్చున్న సాటి వేటగానినే పక్షియని భ్రమించి కొట్టిన దుర్ఘటనలు ఆ వేటలో జరిగియున్నవి. కావున ఈ నిదానము మనుష్యప్రాణములకు కూడ రక్షయే.

ఇరుపక్షములను తూచి చూచినపుడు నాకు తోచినది చెప్పెదను. పడుచుపుంజును విడుచుట మంచి యలవాటు. కాని దానివలననే జాతి వృద్ధియగునని తలచుట పొరపాటు. ఒక కోడిపుంజు పది పెట్టలకు చాలునని మన ఇండ్లలోని ఆడువారికి తెలియును. ఎన్ని పిల్లలు కలుగునో నిర్ణయించునది పుంజుల సంఖ్య కాదు. పెట్టలు ఎన్ని యున్నవి, గూడు పెట్టుటకు మరుగైన గడ్డియు పొదలును ఎంత కలవు అనునవియే నిర్ణయించును. వసంతపు వేటలో పెట్టలను విడిచి పుంజులనే కొట్టవలెనన్న కట్టుబాటు వెనుకనున్న తత్త్వమిదియే.

మరియొక చిక్కు కలదు. పడుచువానిని ముట్టరాదన్నచో తుపాకులన్నియు ముదురువానిమీదికే తిరుగును. పెట్టలింకను కలియకముందే, ఋతువు ఆరంభముననే ముదురుపుంజుల నన్నిటిని కొట్టివేసినచో ప్రమాదము. కనుక మూడు కట్టుబాట్లు జంటగా నడువవలెను. పడుచును విడుచుట ఒకటి. ఒక్కొక్కరు ఇన్ని పక్షులకు మించరాదను పరిమితి రెండవది. పెట్టలు కలిసి గ్రుడ్లు పెట్టనారంభించువరకు వేట మొదలుపెట్టకుండుట మూడవది. ఒకటి విడిచి రెండవది పట్టినచో ఫలము సగమే.

అక్కడి రాష్ట్రములు నడచిన త్రోవయు ఇట్టిదే. మిసిసిపి రాష్ట్రము 1998లోనే పడుచుపుంజుల వేటను మాన్పించినది. గడ్డము ఆరంగుళములకు తక్కువైన పడుచుపుంజును పెద్దవారు అక్కడ కొట్టరాదు. చిన్నపిల్లలకు మాత్రము మినహాయింపు కలదు. ఆర్కాన్సా రాష్ట్రమునను పెద్దలకు నిషేధము, పిల్లలకు సడలింపు. టెన్నెసీ రాష్ట్రము 2023లో వేట ప్రారంభమును రెండు వారములు వెనుకకు జరిపి, ఒక్కొక్కరికి రెండు పక్షులే యనియు, అందు ఒకటి మాత్రమే పడుచుది కావచ్చుననియు నియమించెను. చట్టము నోరెత్తని చోట్ల వేటగాండ్రే తమలో తాము కట్టడి చేసికొనుచున్నారు. పిల్లవానికి సడలించి పెద్దవానికి బిగించుట నాకు చాల ఉచితముగా తోచినది. ఓర్పు నేర్వవలసిన వయసు వేరు, ఓర్పు చూపవలసిన వయసు వేరు.

మన దేశమున అడవిజంతువుల వేట 1972 నాటి చట్టముచే నిషిద్ధము. కనుక నేను మిమ్ము అడవికి పొమ్మనుట లేదు. కాని చెరువు మీ యెదుట నున్నది. కొఱ్ఱమీనును చూడుడు. తెలంగాణమునకు అది రాష్ట్రమత్స్యము. నిలువ నీటిలోనే అది గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటిపైకి తేలినపుడు తల్లిదండ్రులు క్రింద కావలి కాయును. ఆ ఎఱ్ఱగుంపును గుర్తుగా పట్టి పెద్దచేపను కొట్టినచో, దిక్కులేని ఆ పిల్లలు తక్కిన చేపలకు మేత యగును. ఇక్కడ విడువవలసినది ముదురుదానిని. టర్కీకోడి విషయమున విడువవలసినది పడుచుదానిని. బొచ్చెకును శీలావతికిని మరియొక న్యాయము. అవి పారునీటిలో గాని గ్రుడ్లు పెట్టవు. కనుక నిలువ చెరువున తల్లిచేపలను మిగిల్చినంత మాత్రమున పిల్లలు కలుగవు. పిల్లలను తెచ్చి వదలి, బరువెక్కువరకు ఆగుటయే లాభము. వేలిబెత్తెడు చేపను సన్నకన్నుల వలతో ఊడ్చుట నష్టమే. సముద్రములోనో, మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిలిపివేయుట ఆచారమైనది. అక్కడ కాపాడునది కాలనియమము.

దీనినిబట్టి ‘చిన్నదానిని విడువుము, పెద్దదానిని పట్టుము’ అను ఒక్క మాటతో అన్నింటికి తీర్పు చెప్పరాదని తేలుచున్నది. ఆ ప్రాణి ఏ యీడున సంతానము కనును, ఎవరు దానిని సాకుదురు, ఏ గండమున ఎక్కువ చచ్చును అను మూడు సంగతులు మొదట విచారింపవలెను. వీనిని తెలిసినవారు గ్రంథములు చదివినవారే కానక్కరలేదు. మీ యూరి బెస్తవారిలో వృద్ధులకు ఇవి చక్కగా తెలియును.

మీ చెరువు వేలము మరల వచ్చినపుడు, పాట యెంతకు పోయెనని మాత్రమే చూడక, వల కన్ను ఎంత యుండవలెను, పిల్లల కాలమున ఎన్ని వారములు వల వేయరాదు అను రెండు షరతులను కాగితముమీద వ్రాయింపుడు. వ్రాయించుటకు ముందు ఆ వృద్ధులను పిలిచి అడుగుడు. మొదటి యేడు పాట కొంత తగ్గవచ్చును. పడుచుపుంజును విడిచిన వేటగానికి కూడ మొదటి యేడు సంచి తేలికగానే యుండును.