వాహనముతో పయనించు గాలియంత్రము

గాలి కంటికి కనబడదు. కనబడని దానికి బలము లేదని తలచుట మానవ సహజము. కాని లారీ టైరును నిలుపునది గాలియే. ఘాటుదారిలో దిగునప్పుడు బ్రేకును పట్టించునదియు గాలియే. 1869లో అమెరికా దేశీయుడగు జార్జి వెస్టింగ్‌హౌస్ రైలుబండ్లకు గాలిబ్రేకును రూపొందించెను. వాహనము తన గాలిని తానే మోసికొనిపోవు పద్ధతి నేడు లారీలకు, బస్సులకు సామాన్యమైనది.

మేము తెలుగు బోధించువారము. యంత్రశాస్త్రము మా వృత్తి కాదు. అయినను మా విద్యార్థులలో కొందరు ఉదయము తరగతిలోను, సాయంత్రము మోటారు షెడ్డులోను ఉందురు. దారిలో టైర్లకు గాలి నింపుకొనుటకై జీపునకు కంప్రెసరు అమర్చు విధమును వారి యొద్ద చూచి, పుస్తకములతో సరిపోల్చుకొని ఇచట వివరించుచున్నాము.

ఈ అమరికలో మొదటిది కంప్రెసరు. దానిని ఇంజను బెల్టుతోనైనను, బ్యాటరీతో నడుచు మోటారుతోనైనను త్రిప్పవచ్చును. 240 వాట్ల మోటారు 12 వోల్టులపై 20 ఆంపియర్ల విద్యుత్తు లాగును. కావున లావుపాటి తీగయు, రిలేయు, బ్యాటరీకి సమీపముననే ఫ్యూజును ఉండవలెను. సన్నని తీగ వేడెక్కి బండినే దగ్ధము చేయగలదు.

కంప్రెసరునుండి వెలువడు గాలి మిక్కిలి వేడిగా నుండును. కనుక మొదటి గొట్టము లోహముతో చేసినదై యుండుట మంచిది. తరువాత గాలిని వెనుకకు పోనీయని నాన్ రిటర్న్ వాల్వు, ఆపై ట్యాంకు. ట్యాంకుపై ప్రెషరు గేజి, ప్రెషరు స్విచ్చి, సేఫ్టీ వాల్వు ఉండును. పీడనము చదరపు సెంటీమీటరునకు 8 కిలోగ్రాములు కాగానే స్విచ్చి మోటారును ఆపును. 6కు తగ్గినంతనే మరల నడుపును. స్విచ్చి పనిచేయనిచో సేఫ్టీ వాల్వు తెరచుకొని గాలిని వెలుపలికి వదలును.

1662లో రాబర్టు బాయిలు ప్రకటించిన నియమము ప్రకారము, ఉష్ణోగ్రత మారనిచో పీడనము ఎన్ని రెట్లు పెరుగునో ఘనపరిమాణము అన్ని రెట్లు తగ్గును. గేజి 8 చూపునప్పుడు, బయటి గాలి పీడనమును కలిపిన, అసలు పీడనము సుమారు 9 అగును. అనగా 20 లీటర్ల ట్యాంకులో సుమారు 180 లీటర్ల గాలి ఇమిడియుండును. ఆ ట్యాంకు మూత అడ్డకొలత 25 సెంటీమీటర్లయినచో, దానిపై పడు బలము సుమారు 3,900 కిలోగ్రాములు! ఒక చిన్న లారీ బరువును ఆ రేకు మోయుచున్నదన్నమాట. అందువలననే పాత సిలిండరును ట్యాంకుగా వాడరాదు. ఆ పీడనమునకు తయారై, నీటితో పరీక్షింపబడినదానినే కొనవలెను. నీరు గాలివలె కుంచించుకొనదు. కనుక పరీక్షలో ట్యాంకు పగిలినను పేలుడు సంభవింపదు.

గాలిలోని తేమ ట్యాంకులో చల్లబడి నీరగును. ఆ నీరు నిలిచినచో ట్యాంకు లోపలినుండి త్రుప్పు పట్టి పలుచనగును. పైరంగు మాత్రము క్రొత్తగానే యుండును. కావున అడుగుననున్న కాక్ విప్పి ప్రతిదినము నీటిని వదలవలెను.

ఒక షెడ్డులో మేము చూచిన సంగతి ఇది. సేఫ్టీ వాల్వు మాటిమాటికి బుస్సుమనుచున్నదని దానిని ఊడదీసి, ఆ రంధ్రమున బోల్టు బిగించిరి. మా విద్యార్థి యొకడు గేజిని చూచి మోటారును ఆపించి, "ఉస్తాద్, వాల్వు చెడలేదు, స్విచ్చి అతుక్కుపోయినది" అనెను. విప్పి చూడగా అతడు చెప్పినదే నిజమైనది. ఉస్తాదు కోపగింపలేదు, బోల్టు తీసి వాల్వును యథాస్థానమున నిలిపెను.

గాలిని బంధించుట సులభము. అది బయటపడుటకు సురక్షితమైన దారి నుంచుట విద్య. ఉర్దూలో హవా యన్నను, తెలుగులో గాలి యన్నను దాని బలమొక్కటే. షెడ్డులో పనిచేయు మా విద్యార్థులు కొన్ని రూపాయలు మిగులునని సేఫ్టీ వాల్వును ఎన్నడును విడువకుందురుగాక.