మీకు తెలుసా? చక్రము పెరిగినను కారు లేవదు

పూతరేకులకై ఆత్రేయపురమునకు వచ్చు కార్లలో, స్ప్రింగులు మార్చి నేలకు దింపి, పెద్ద అల్లాయ్ చక్రములు తొడిగిన చిన్న కారొకటి కాలువగట్టు వెంట సాగుచుండగా చూచినవారు, చక్రము పెద్దదైనది గనుక కారు కూడ కొంత పైకి లేచియుండునని తలంతురు; అది భ్రాంతి.

టైరు ప్రక్కన 165/80 ఆర్14 అని ఉన్నచో, 165 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతము ప్రక్కగోడ యెత్తు, 14 అంగుళముల రిమ్ము అని యర్థము. దాని వ్యాసము సుమారు 620 మిల్లీమీటర్లు. దానికి మారుగా 195/55 ఆర్16 వేసినను వ్యాసము రమారమి 621 మాత్రమే! తరిగినదెల్ల రబ్బరు గోడయే: 132 నుండి 107 మిల్లీమీటర్లకు. గుంతలో పడినపుడు దెబ్బను మ్రింగవలసిన యా పాతిక మిల్లీమీటర్లు లేనందున వేటు రిమ్మునకు తగులు అవకాశము పెరుగును. వానకాలపు పల్లెదారులకు ఇది చిన్న లోటు కాదని నా అభిప్రాయము.

బోల్టు రంధ్రములు కలిసినంతనే చక్రము కుదిరినదనుకొనరాదు. రిమ్ము నడిమిగీతకును, హబ్బునకు ఆనుకొను ముఖమునకును గల దూరమును ఆఫ్‌సెట్ అందురు. ఆ అంకె తగ్గినకొలది చక్రము వెలుపలికి జరుగును. దింపిన కారులో నలుగురెక్కినచో అట్లు జరిగిన చక్రము మడ్‌గార్డు అంచును ఒరసికొనవచ్చును.

కావున సొమ్ము చెల్లింపకముందే, కారునిండ మనుషులను ఎక్కించి, స్టీరింగును ఇరువైపుల చివరవరకు త్రిప్పి చూడుడు. గీచుకొన్న చప్పుడు వినబడినచో ఆ చక్రములను అచ్చటనే విడిచి రండు.