సొంత కెర్నల్ కంపైల్ చేద్దాం.. కానీ పాతది డిలీట్ చేయొద్దు!

"అన్నా, కస్టమ్ కెర్నల్ మనమే చేసుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చు. అయితే ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కీ యాప్స్‌కీ మధ్య ఉండే ప్రోగ్రామ్. కెమెరా ఓపెన్ చేసినా, పెన్‌డ్రైవ్ పెట్టినా పని జరిగేది దాని ద్వారానే. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నలే ఇవాళ మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. దాని సోర్స్ కోడ్ కెర్నల్ డాట్ ఆర్గ్‌లో ఫ్రీగా దొరుకుతుంది.

నేను బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా, ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ముందు రోజు రాత్రి ఈ ప్రయోగం మొదలుపెట్టాను. అదే మొదటి తప్పు! అన్ని డ్రైవర్లతో కంపైల్ చేస్తే నా పాత ల్యాప్‌టాప్‌కి గంటలు పడుతుంది. అందుకని 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' అనే షార్ట్‌కట్ వాడాను. ఇది ఆ నిమిషంలో లోడ్ అయి ఉన్న మాడ్యూల్స్‌ని మాత్రమే ఉంచి, మిగతావి తీసేస్తుంది. తర్వాత మామూలే: 'మేక్', 'మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్', 'మేక్ ఇన్‌స్టాల్', రీబూట్.

సిస్టమ్ చక్కగా ఆన్ అయింది. నా ఆనందం మామూలుగా లేదు! పొద్దున్నే ప్రాజెక్ట్ కాపీ చేద్దామని పెన్‌డ్రైవ్ పెడితే.. అసలు కనిపించదే! ఎందుకంటే రాత్రి కాన్ఫిగ్ చేసినప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టలేదు. దాని మాడ్యూల్ లోడ్ అవ్వలేదు, కాబట్టి కొత్త కెర్నల్‌లోకీ రాలేదు. తప్పు కంప్యూటర్‌ది కాదు, నాదే.

నన్ను కాపాడింది గ్రబ్ మెనూ. రీస్టార్ట్ చేసి, అందులో పాత కెర్నల్ సెలెక్ట్ చేశాను. అయిదు నిమిషాల్లో కాపీ అయిపోయింది.

అందుకే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌కి ముందు పెన్‌డ్రైవ్, ప్రింటర్, వైఫై డాంగిల్.. మీరు వాడేవన్నీ ఒకసారి కనెక్ట్ చేయండి. రెండు, 'మేక్ మెనూకాన్ఫిగ్'లో లోకల్ వెర్షన్ దగ్గర మీ సొంత పేరు పెట్టండి, అప్పుడు పాత కెర్నల్ మీద కొత్తది పడదు. మూడు, కొత్తది కొన్ని రోజులు బాగా నడిచేదాకా పాతదాన్ని కదిలించకండి.

ఫోన్‌లో డైరెక్ట్‌గా ట్రై చేద్దామనుకుంటున్నారా? ఆగండి. సాధారణంగా బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే డేటా మొత్తం పోతుంది. పైగా అక్కడ గ్రబ్ మెనూ లాంటి వెనక్కి వెళ్లే దారి ఉండదు. ముందు పాత కంప్యూటర్‌లో చేయి తిప్పుకోండి. మళ్లీ కలుద్దాం, బై!